జేఎల్‌పీటీ ఎన్4: ఇంగ్లీషుని పక్కనపెట్టి తెలుగులోంచి చదవడం ఎలా

జపనీస్ మొదలుపెట్టిన తెలుగువాళ్ళు చాలామంది ముందు ఇంగ్లీషులో ఉన్న గ్రామర్ వివరణ తెరిచి కూర్చుంటారు. మొదటి పేజీల్లోనే ఒక హెచ్చరిక ఎదురవుతుంది: ఈ భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది, అలవాటు పడటానికి టైమ్ పడుతుంది అని. ఎవరికి పడుతుంది? మన క్రియ ఎప్పుడూ చివరే ఉంటుంది. ఆ వివరణ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళ కోసం రాసింది. వాళ్ళ తంటాలన్నీ మనం నెత్తినేసుకుంటే, మనకి నిజంగా ఎదురయ్యే తంటాలకి టైమ్ మిగలదు.

ఉద్యోగమో కాలేజీయో చూసుకుంటూ సున్నా నుంచి మొదలుపెట్టి, డిసెంబర్‌లో జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో ఎన్4 లెవెల్ రాద్దామనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

లెవెల్ తేల్చుకోండి

ఈ పరీక్షని జపాన్ ఫౌండేషన్, జపాన్ ఎడ్యుకేషనల్ ఎక్స్ఛేంజెస్ అండ్ సర్వీసెస్ అనే రెండు సంస్థలు కలిసి 1984 నుంచి నడుపుతున్నాయి. 2010లో పద్ధతి మార్చి ఐదు లెవెల్స్ చేశారు. అన్నిటికన్నా తేలిక ఎన్5, అన్నిటికన్నా కష్టం ఎన్1. జులై మొదటి ఆదివారం ఒకసారి, డిసెంబర్ మొదటి ఆదివారం ఒకసారి ఉంటుంది. ఎన్5 పాసైతేనే ఎన్4 రాయాలన్న రూలేమీ లేదు.

నా సలహా అడిగితే ఎన్5 వదిలేయండి. ఆ సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్ళు అరుదు. ఎన్4 దగ్గర లెక్క మారుతుంది. జపాన్ 2019 ఏప్రిల్‌లో తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి చాలా రంగాల్లో భాష అర్హత కింద ఎన్4 చూపించొచ్చు. వృద్ధుల సంరక్షణ పనికి మాత్రం దాంతోపాటు ఆ రంగానికే సంబంధించిన ఇంకో భాషా పరీక్ష ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌వాళ్ళని సాధారణంగా ఎన్2 అడుగుతారు. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీల ఫ్యాక్టరీలున్నాయి కదా, అలాంటి చోట దుబాసీగా చేరాలన్నా ఎన్4తో నెట్టుకురావడం కష్టం. మీ గురి ఎన్2 అయినా సరే, ఎన్4 మంచి మజిలీ. మొదటి మెట్టు గ్రామరంతా అక్కడితో పూర్తవుతుంది.

2009 దాకా నడిచిన పాత పరీక్షలో ఇప్పటి ఎన్4కి సమానమైన స్థాయికి 300 గంటల చదువు కావాలని అంచనా ఇచ్చేవాళ్ళు. రోజుకి గంటన్నర చొప్పున ఏడు నెలలు చదివితే అది దాటుతుంది. అందుకని మన క్యాలెండర్‌లోనే గుర్తులు పెట్టుకోండి. ఉగాదికి మొదలుపెట్టాలి, దసరాకి టెక్స్ట్‌బుక్ అయిపోవాలి, దీపావళి తర్వాత కొత్త పాఠమేదీ ముట్టుకోకూడదు.

టెక్స్ట్‌బుక్ ఒక్కటి చాలు. మన దగ్గర క్లాసుల్లో ఎక్కువగా వాడే 'మిన్న నొ నిహొంగొ'లో మొత్తం 50 పాఠాలు. మొదటి 25 సుమారుగా ఎన్5, తర్వాతి 25 ఎన్4. డబ్బు పెట్టలేకపోతే జపాన్ ఫౌండేషన్ వాళ్ళ 'ఇరొదొరి' పుస్తకాలు, ఆడియోతో సహా, నెట్‌లో ఉచితం. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా వెళ్ళండి. మూడు పుస్తకాల్లో పదేసి పాఠాలు చదివినవాళ్ళకి పలకరింపులు, పరిచయాలు మూడుసార్లు వస్తాయి తప్ప ఎన్4 రాదు.

దరఖాస్తు

డిసెంబర్ పరీక్షకి మన దేశంలో దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, సెప్టెంబర్ ప్రాంతంలో తీసుకుంటారు. గడువు కొద్ది రోజులే, సీట్లు పరిమితం. చెన్నై, బెంగళూరు, పుణె, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా పాత కేంద్రాలు. ఆ విడత జాబితాలో మీకు దగ్గరి ఊరు ఉందో లేదో జులై నుంచే చూసుకుంటూ ఉండండి. ప్రయాణం తప్పదనుకుంటే శనివారం రాత్రికే ఆ ఊళ్ళో ఉండేలా టికెట్ తీసుకోండి.

పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. మనవాళ్ళకి ఇదొక ప్రత్యేకమైన తలనొప్పి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో పేరు చివర, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ముందు ఉంటుంది. రేపు వీసా కాగితాల పక్కన పెట్టి చూసేది ఈ సర్టిఫికెట్టే. పాస్‌పోర్ట్ లేకపోతే ముందు దానికి అప్లై చేసుకుని రండి.

రెండు వారాల్లో కానా

కానా అంటే జపనీస్ ధ్వని అక్షరాలు, రెండు రకాలు: హిరగానా 46 అక్షరాలు, కటకానా 46. వరస చూస్తే నవ్వొస్తుంది: అ ఇ ఉ ఎ ఒ, ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల బంధువే. బౌద్ధంతోపాటు వెళ్ళిన సిద్ధం లిపి చదువుల వల్ల ఆ వరస వచ్చింది. మనకున్న లాభాలు ఇంకా ఉన్నాయి. వాళ్ళకి పొట్టి ఎ, పొట్టి ఒ ఉన్నాయి, మనకీ ఉన్నాయి. చుక్క, చుట్టం అన్నప్పుడు మన నోట్లో పలికే 'చు' దాదాపుగా వాళ్ళ 'త్సు'నే.

మొదటి వారం పక్కన తెలుగులో రాసుకోండి, తప్పు లేదు. రెండో వారం చివరికి ఆ తెలుగు కొట్టేయాలి. కటకానాని చిన్నచూపు చూడొద్దు. అందులో 'షి'కి 'త్సు'కీ, 'సొ'కి 'న్'కీ గీతల వాలులోనే తేడా ఉంటుంది, అక్కడ కళ్ళు మోసపోతాయి.

గ్రామర్: ఇంగ్లీషు మధ్యలోకి రానివ్వకండి

ఎన్4 పేపర్లో ఒక ప్రశ్న రకం ఉంది. వాక్యంలో నాలుగు ఖాళీలు, ఒక ఖాళీ మీద నక్షత్రం గుర్తు, కింద చెల్లాచెదురుగా నాలుగు ముక్కలు. వాటిని వరసలో పేర్చి, నక్షత్రం దగ్గర ఏది పడుతుందో గుర్తించాలి. ఉదాహరణకి ఈ వాక్యం తీసుకోండి: 'కొరె వ హహ గ త్సుకుత్తె కురెత కేకి దెసు'. ఇంగ్లీషులో ఆలోచించేవాడు 'ఇది కేకు' అని మొదలెట్టి, 'ఏ కేకంటే' అని వెనక్కి తిరిగి తోక తగిలించాలి. మీరు 'ఇది అమ్మ చేసి ఇచ్చిన కేకు' అనుకోండి. ఇది కొరె, అమ్మ హహ, చేసి త్సుకుత్తె, ఇచ్చిన కురెత, కేకు కేకి. ముక్కలు ఉన్నచోటే ఉన్నాయి. ఇలాంటి ప్రశ్నల్లో ఒక్క మార్కు కూడా పోనివ్వకూడదు. చేయాల్సిందల్లా ముక్కల్ని మనసులో తెలుగులో పెట్టుకోవడమే.

తె రూపం, అంటే మన 'తిని', 'చేసి' లాంటి క్రియారూపం దగ్గర ఈ లాభం ఇంకా పెద్దది. ఇంగ్లీషు పుస్తకాలు ఒక్కోదానికీ అరపేజీ వివరణ ఇచ్చే చోట మనకి రెండు మాటలు చాలు. తబెతె మిరు అంటే తిని చూడు. కత్తె ఒకు అంటే కొని ఉంచు. వసురెతె షిమత్త అంటే మర్చిపోయాను. కైతె అరు అంటే రాసి ఉంది. కురు తొ ఇత్త అంటే వస్తానని అన్నాడు, అక్కడి 'తొ' మన 'అని'. యొమసెరు అంటే చదివించు, మన 'ఇంచు' చేసే పనే వాళ్ళ 'సెరు' చేస్తుంది. దరెక అంటే ఎవరో, దరెమొ అంటే ఎవరూ. ననిక ఏదో, ననిమొ ఏమీ. మనుషుల్ని లెక్కపెట్టడానికి మనకి ఒకరు, ఇద్దరు ఉన్నట్టే వాళ్ళకి హితొరి, ఫుతరి ఉన్నాయి.

'నాకు జపనీస్ అర్థమవుతుంది', 'నాకు చేప ఇష్టం' అనే వాక్యాలు చూడండి. అర్థమయ్యేదీ ఇష్టమైనదీ తెలుగులో 'ని' ప్రత్యయం పుచ్చుకోవు. జపనీస్‌లో అక్కడ 'గ' వస్తుంది, మన 'ని' లాంటి 'ఒ' రాదు. ఇంగ్లీషు దారిలో వెళ్ళినవాళ్ళు ఇక్కడ పదేపదే 'ఒ' పెడతారు.

అందుకని నోట్సు తెలుగులోనే రాసుకోండి. ఒక్కో గ్రామర్ పాయింటుకీ జపనీస్‌లో ఒక వాక్యం, దాని కింద మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో అదే వాక్యం. పుస్తకం తెలుగు కాదు, కొంచెం యాస ఉన్నా పర్లేదు.

తెలుగు చెయ్యిచ్చే చోట్లు

లాభం చూసుకుని మురిసిపోతే అసలు చోట దెబ్బ పడుతుంది. నోట్సులో వీటికి వేరే పేజీ పెట్టుకోండి.

మన 'లో' వాళ్ళకి రెండుగా చీలుతుంది. ఇంట్లో ఉన్నాను అంటే 'ని', ఇంట్లో తిన్నాను అంటే 'దె'. ఉనికికి ఒకటి, పనికి ఇంకొకటి. మన 'తో' కూడా అంతే. పెన్సిల్‌తో రాస్తే 'దె', స్నేహితుడితో వెళ్తే 'తొ'.

ఇంకా పెద్ద చిక్కు మన '-తే'. వస్తే, కొంటే, నొక్కితే, అన్నిటికీ మనకి ఒకటే. వాళ్ళకి తొ, బ, తర, నర అని నాలుగు. ఈ బటన్ నొక్కితే టికెట్ వస్తుంది, ఎప్పుడు నొక్కినా వస్తుంది, అదీ 'తొ'. దాని వెనక 'చేయండి' అని అడగడం, 'చేద్దాం' అనడం కుదరదు. చవగ్గా ఉంటేనే కొంటాను, అంటే షరతు మీద బరువు ఉంటే 'బ'. స్టేషన్ చేరితే ఫోన్ చేయండి, అంటే ఒకటి అయ్యాక ఇంకొకటి, ఇది 'తర'. నాలుగిట్లో ఎక్కువ చోట్ల ఇమిడేది ఇదే. క్యోటో వెళ్ళేటట్టయితే షింకన్సెన్ (బులెట్ రైలు) మేలు, అంటే ఎదుటివాళ్ళు అన్నమాట పట్టుకుని సలహా ఇస్తుంటే 'నర'. పరీక్షలో నాలుగు ఆప్షన్లూ ఈ నాలుగే వచ్చినప్పుడు, ముందు వాక్యం రెండో సగం చదవండి. అక్కడ అభ్యర్థనో ఆజ్ఞో ఉంటే 'తొ' వెంటనే ఎగిరిపోతుంది.

కర్మణి వాక్యం మనం రోజువారీ మాటల్లో దాదాపుగా వాడం. వాళ్ళు తెగ వాడతారు, విసుగు చూపించడానికి కూడా. 'ఒతోతొ ని కేకి ఒ తబెరరెత' అంటే తమ్ముడు నా కేకు తినేశాడు. మన 'తినేశాడు'లో ఉన్న ఉక్రోషమే అక్కడి 'రరెత'. అలా పట్టుకుంటే ఎవరు తిన్నారు, ఎవరికి నష్టం అన్న తికమక ఉండదు.

ఇవ్వడంలో నేను ఇంకొకరికిస్తే అగెరు, ఇంకొకరు నాకిస్తే కురెరు. మనకి రెండూ 'ఇచ్చు'. మర్యాదల్లో కూడా ఒక మెలిక ఉంది. మనం బయటివాళ్ళ దగ్గర కూడా 'మా నాన్నగారు వస్తారు' అంటాం. వాళ్ళు బయటివాళ్ళ ముందు సొంతవాళ్ళని తగ్గించి చెబుతారు, ఎంత పెద్దవాళ్ళయినా. తండ్రి గురించైనా, బాస్ గురించైనా గౌరవంగా 'ఇరష్షరు' అనరు, తగ్గించి 'మైరిమసు' అంటారు.

కాంజీ

కాంజీ అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కోదానికీ ఒక అర్థం ఉండే అక్షరాలు. 2010 నుంచి నిర్వాహకులు అధికారిక కాంజీ జాబితా, మాటల జాబితా ఇవ్వడం లేదు. పుస్తకాలు చెప్పే సుమారు 300 కాంజీలు, 1500 మాటలు అన్నది అంచనా. ఆ అంచనాతో పనికి లోటేం రాదు. రోజుకి రెండు కొత్తవి, మిగతా టైమ్ పాతవి. ఫోన్‌లో అంకి లాంటి కార్డుల యాప్ పెట్టుకుంటే ఏది ఎప్పుడు మళ్ళీ చూడాలో అదే చూపిస్తుంది.

ఈ పరీక్షలో చేత్తో రాసేది ఏమీ లేదు, అంతా ఇచ్చిన ఆప్షన్లలో ఒకటి గుర్తించడమే. కాబట్టి ఇంపోజిషన్‌లా వందేసి సార్లు రాయక్కర్లేదు. గీతల వరస తెలియడానికి నాలుగైదు సార్లు రాసి, ఆ తర్వాత ముక్కలుగా విడదీసి చూడండి. పరీక్ష తయారుచేసేవాళ్ళు ఆడుకునేది ఆ ముక్కలతోనే. ఒక ఉదాహరణ: మొత్సు అంటే పట్టుకోవడం, మత్సు అంటే ఎదురుచూడటం. రెండు కాంజీల్లోనూ కుడివైపు ఒకటే బొమ్మ, గుడి అని అర్థం. ఎడమవైపు చెయ్యి గుర్తుంటే మొత్సు, నడక గుర్తుంటే మత్సు. అదే గుడి పక్కన సూర్యుణ్ణి పెడితే తొకి, అంటే టైమ్. ఆప్షన్లలో ఈ మూడూ పక్కపక్కనే కనిపించినా ఆశ్చర్యపోకండి.

కాంజీకి ఉన్న చదివే పద్ధతులన్నీ విడిగా బట్టీ పట్టొద్దు. మాటతో కలిపి నేర్చుకోండి. చదివే ప్రశ్నల్లో వల తరచుగా దీర్ఘాల దగ్గర వేస్తారు. ర్యొకో అంటే ప్రయాణం. పక్కన ర్యోకో, ర్యొకొ, ర్యోకొ అని పెడతారు. తెలుగు కలం పట్టినవాళ్ళకి ఒత్తూ దీర్ఘమూ వినబడకుండా ఉండవు. కొత్త మాట రాగానే ఒక్కసారి పైకి పలికి, దీర్ఘం ఎక్కడుందో చెవికి వేసుకోండి.

లిజనింగ్

180 మార్కుల్లో 60 దీనివే. టెక్స్ట్‌బుక్ మీద నెలల తరబడి కూర్చున్నవాళ్ళు కూడా దీన్ని చివరి నెలకి వదిలేస్తారు. మొదటి వారం నుంచే రోజూ పావుగంట పెట్టండి. పాఠం ఆడియో వేసి, వినబడిన వెంటనే దాని వెనకే పలకండి. అర్థం కోసం ఆగొద్దు.

ఇక్కడా మన చెవి పనికొస్తుంది. కితె అంటే రా, కిత్తె అంటే కోసి, కీతె అంటే విని. పరాయి చెవులకి మూడూ ఒకలాగే వినిపిస్తాయి, మనకి కట, కట్ట, కాట విన్నట్టే వేరుగా వినిపిస్తాయి. తేదీల్లో నాలుగో తారీకు యొక్క, ఎనిమిదో తారీకు యోక. అవును, యొక్క. ఇది మర్చిపోయే తెలుగువాడు ఉండడు.

ప్రతి ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. మొత్తం నాలుగు రకాలు. మొదటి రెండు రకాల్లో ఆప్షన్లు కాగితం మీద ఉంటాయి, సంభాషణకి ముందే ప్రశ్న వినిపిస్తారు. ముందుగా ఆప్షన్ల మీద చూపు తిప్పండి. మాట్లాడేవాళ్ళు మధ్యలో మనసు మార్చుకుంటారు. 'యప్పరి' (కాదులే, అన్నట్టు) అన్న మాట వినగానే అప్పటిదాకా అనుకున్న జవాబు కొట్టేసి, తర్వాత వచ్చేది పట్టుకోండి. మూడో రకంలో బొమ్మ, అందులో ఒక మనిషి మీద బాణం గుర్తు. ఆ మనిషి ఏమంటాడో చెప్పాలి. నాలుగో రకంలో కాగితం మీద ఏమీ ఉండదు. ఒకరు ఒక మాట అంటారు, మూడు జవాబులు వినిపిస్తాయి. ఆదివారం వస్తావా అంటే 'నిచియోబి వ చొత్తొ...' అని సాగదీశారంటే రాననే అర్థం. మనవాళ్ళు 'ఆదివారమంటే కొంచెం...' అని నీళ్ళు నమిలితే మనకి అర్థం కాదా ఏంటి?

ఒకటి అర్థం కాకపోతే ఏదో ఒకటి దిద్ది, తర్వాతిదానికి వెళ్ళిపోండి. పోయినదాని గురించి ఆలోచిస్తే ఇంకో రెండు పోతాయి.

మార్కుల లెక్క, మాక్ పరీక్షలు

ఎన్4 పాసవడానికి 180కి 90 రావాలి. అది చాలదు. భాషా పరిజ్ఞానం (మాటలు, గ్రామర్), రీడింగ్ కలిపి 120కి కనీసం 38, లిజనింగ్‌లో 60కి కనీసం 19 రావాలి. మొత్తం 130 వచ్చి లిజనింగ్‌లో 18 ఉంటే ఫెయిలే. మార్కులు కూడా ఇన్ని ప్రశ్నలు సరైనవి కాబట్టి ఇంత అన్న నేరు లెక్క కాదు, స్కేల్ చేసి ఇస్తారు. అందుకే మాక్‌లో అంచుల్లో తేలితే ధీమా పడకండి. తప్పు జవాబుకి మార్కులు కోయరు, ఒక్క బుడగ కూడా ఖాళీగా వదలొద్దు.

అధికారిక వెబ్‌సైట్‌లో నిర్వాహకులే ఇచ్చిన నమూనా ప్రశ్నపత్రాలు, ఆడియోతో సహా ఉచితంగా ఉన్నాయి. ఒకటి దసరా సెలవుల్లో, ఇంకొకటి పరీక్షకి రెండు వారాల ముందు రాయండి. అసలు టైమ్ పెట్టుకుని రాయాలి: మాటలు, కాంజీ 25 నిమిషాలు, గ్రామర్ రీడింగ్ 55, లిజనింగ్ 35. ఆ 55లో గ్రామర్ 20 నిమిషాలకి ముగించి, మిగతాది రీడింగ్‌కి ఉంచండి. చివర్లో వచ్చే నోటీసు, కరపత్రం లాంటి ప్రశ్నకి ముందు ప్రశ్న చదివి, తర్వాత అందులో వెతకండి. మొదటి అక్షరం నుంచి చదువుతూ కూర్చుంటే టైమ్ చాలదు.

తప్పయిన ప్రతిదాని పక్కన ఎందుకు తప్పయిందో ఒక్క మాటలో రాయండి: మాట తెలియలేదు, 'ని'కి 'దె'కి తికమక, దీర్ఘం, టైమ్ అయిపోయింది. చివరి రెండు వారాలు ఆ చీటీయే మీ సిలబస్.

ఆ ఆదివారం

హాల్ టికెట్, ఒరిజినల్ ఫొటో ఐడీ, రెండు మూడు చెక్కిన హెచ్‌బీ పెన్సిళ్ళు, రబ్బరు, ముళ్ళ గడియారం. పెన్ను పనికిరాదు, స్మార్ట్‌వాచ్ పెట్టుకోనివ్వరు. ఫోన్ పూర్తిగా స్విచాఫ్ చేసి సంచిలో పెట్టండి, సైలెంట్‌లో పెట్టి ఊరుకోవద్దు. ఇక్కడ ఫుట్‌బాల్‌లోలాగే పసుపు, ఎరుపు కార్డులుంటాయి. పసుపు హెచ్చరిక, ఎరుపు వస్తే ఇంటికే. ఆలస్యంగా వెళ్ళి ఒక భాగం రాయకపోతే మిగతా భాగాలు ఎంత బాగా రాసినా లెక్కలోకి రావు. విరామంలో తినడానికి ఏదైనా పట్టుకెళ్ళండి. పులిహోర బాగుంటుంది కానీ కడుపు నిండా తింటే లిజనింగ్‌లో నిద్రొస్తుంది.

ప్రశ్నపత్రం వెనక్కి తీసేసుకుంటారు.

ఫలితాలు జనవరి నెలాఖరు ప్రాంతంలో ఆన్‌లైన్‌లో వస్తాయి, కాగితం సర్టిఫికెట్ ఆ తర్వాత చేతికొస్తుంది. చూసుకోవడానికి రిజిస్ట్రేషన్ నంబరు, దరఖాస్తులో పెట్టుకున్న పాస్‌కోడ్ కావాలి కాబట్టి వాటిని ఫొటో తీసి దాచుకోండి. మార్కుల కింద మాటలు, గ్రామర్, రీడింగ్ పక్కన ఏ, బి, సి అని గుర్తులుంటాయి. ఏ అంటే 67 శాతం, అంతకన్నా ఎక్కువ సరైనవి, సి అంటే 34 శాతంలోపు. పాసైనా సరే ఆ గుర్తులు చూడండి. మాటల దగ్గర సి ఉంటే ఎన్3 పుస్తకం కొనకుండా, ఇంకో రెండు నెలలు పాత కార్డులే తిప్పండి. ఎన్3 కాంజీల సంఖ్య దీనికి రెట్టింపు పైమాటే.